వట్టి క్రైస్తవులం

జూన్ 3, సోమవారం

చిట్టిని మళ్ళీ ఆసుపత్రిలో చేర్చాం. పాలు తాగుతూ తాగుతూ పెదవులు నీలంగా మారిపోయాయి. గుండెలో గదికీ గదికీ మధ్య గోడ సరిగ్గా మూసుకోలేదని పుట్టినప్పుడే చెప్పారు. కాస్త బరువు పెరిగాక చూద్దామన్నారు. ఇప్పుడిక ఆగడానికి లేదట. వచ్చే వారం ఆపరేషన్.

కౌంటరులో కూర్చున్నావిడ అన్నీ అడిగి చివర్న మతం అడిగింది. క్రైస్తవులమని ఇద్దరం ఒక్కసారే చెప్పాం. అందులో ఏది అంది. మా ఆయన "కాథలిక్" అన్నాడు. నేను "ఏదీ కాదు, వట్టి క్రైస్తవులం" అన్నాను. అదీ ఒక్కసారే. ఆవిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మీలో మీరు తేల్చుకుని చెప్పండి, వెనక జనం ఉన్నారు అంది. మా ఆయన నవ్వి, వట్టిదే రాయండి, నేను ఎలాగూ సెలవులో ఉన్న కాథలిక్కుని అన్నాడు. ఆ సెలవు మా పెళ్ళికి ముందు నుంచీ నడుస్తోంది.

నవ్వు ఎలా వచ్చిందో ఆ మనిషికి. నాకూ వచ్చింది. తరువాత వార్డులో చిట్టి ముక్కుకి గొట్టం పెడుతుంటే ఇద్దరం గోడవైపు తిరిగి నిలబడ్డాం.

జూన్ 4

నాన్న, సంఘంలోని ఇద్దరు పెద్ద అక్కలు వచ్చి ప్రార్థన చేశారు. అత్తయ్య అప్పటికే మంచం పక్కన కుర్చీలో కూర్చుని జపమాల తిప్పుతోంది. నాన్న గుమ్మంలోకి రాగానే దాన్ని చేతిసంచిలో వేసి జిప్పు లాగేసింది. దాచుకోవడం కాదు, మర్యాద. ఇంటికి పెద్దవాళ్ళొస్తే టీవీ గొంతు తగ్గిస్తామే, అలా.

"బాగున్నారా వదినగారూ" అన్నాడు నాన్న. "మీ ప్రార్థనలే అన్నయ్యగారూ" అంది అత్తయ్య.

ప్రార్థన జరుగుతున్నంతసేపూ అత్తయ్య కళ్ళు మూసుకుని నిలబడింది. ఆమెన్ కూడా అంది. అక్కల్లో ఒకామె పోతూ పోతూ నా చెవిలో, ఆ పూసలు బిడ్డ దగ్గర ఉంచనియ్యకు అంది. సరేనన్నాను. ఎందుకు సరేనన్నానో తెలియదు. అత్తయ్యతో ఏమీ అనలేదు.

జూన్ 5

బరువు పెరగలేదు.

జూన్ 6

అత్తయ్య అడిగింది.

కింద క్యాంటీనులో టీ తాగుతుంటే, ముందు వేరే సంగతులేవో మాట్లాడింది. మా ఆయనకి లిఫ్టు రిపేరు పనిలో వేలు నలిగిందట, నాకు చెప్పొద్దన్నాడట. తరువాత గ్లాసు కింద పెట్టి, "అమ్మాయ్, ఆపరేషన్‌కి ముందు బిడ్డకి జ్ఞానస్నానం ఇప్పిద్దామా? మా గుడి గురువుగారు ఇక్కడికే వస్తారు. అయిదు నిమిషాల పని" అంది.

కుదరదన్నాను. నాకు బాగా తెలిసిన విషయమే కనుక నిదానంగా, మర్యాదగా చెప్పాను. మేము పసిపిల్లలకి ఇవ్వం. నమ్మడం తెలిసిన వయసు వచ్చాక ఎవరికి వాళ్ళు కోరుకుని తీసుకోవాలి. నేను పదహారేళ్ళప్పుడు తీసుకున్నాను, నన్నెవరూ పొమ్మనలేదు. చిట్టి కూడా అలాగే తీసుకుంటుంది.

అత్తయ్య అంతా విని, "ఆ వయసు వస్తే మంచిదే" అంది.

ఆ మాట వేరే ఏ ఉద్దేశంతోనూ అనలేదని నాకు తెలుసు. అయినా లేచి వచ్చేశాను. నాకు కోపం రాలేదు.

జూన్ 7

మా ఆయనతో గొడవ. లిఫ్టు పక్కన మెట్ల మీద. జనం మమ్మల్ని దాటుకుంటూ ఎక్కుతున్నారు, దిగుతున్నారు.

నాలుగు చుక్కల నీళ్ళు, అమ్మ మనసు కుదుటపడుతుంది, నీకేం పోయింది అన్నాడు. ఏమీ పోకపోతే, ఏమీ రాకపోతే, ఇక పోయడం ఎందుకన్నాను. ఏమీ కానప్పుడు పోస్తే మాత్రం ఏమిటన్నాడు. నువ్వు నమ్ముతావా దాన్ని అని అడిగాను. రెయిలింగు పట్టుకుని కిందికి చూశాడు.

"నాకు తెలీదు. మామూలప్పుడు నమ్మను. ఇక్కడికొచ్చాక కొంచెం నమ్ముతున్నాననిపిస్తోంది" అన్నాడు.

అది నమ్మకం కాదు, భయం అన్నాను. నాన్న గొంతుతో అన్నట్టు నాకే వినిపించింది.

అత్తయ్య జ్ఞానస్నానం అంటుంది, నేను బాప్తిస్మం అంటాను. మా ఆయన ఏ పేరూ పెట్టకుండా 'అది' అంటున్నాడు. రెండు రోజులుగా ముగ్గురం ఒకే సంగతి మాట్లాడుకుంటున్నామో లేదో కూడా నాకు సందేహంగా ఉంది.

జూన్ 9, ఆదివారం

అత్తయ్యని చిట్టి దగ్గర కూర్చోబెట్టి ఆరాధనకు వెళ్ళాను.

మా హాలు కింద టైర్ల కొట్టు. మెట్లెక్కుతుంటే రబ్బరు వాసన. చిన్నప్పుడు బళ్ళో పిల్లలు మమ్మల్ని టైర్ల సంఘం అనేవాళ్ళు. పంక్చర్లు చూసే తొట్టిలోనే మీవాళ్ళని ముంచుతారంటగా అని ఏడిపించేవాళ్ళు. నేను ఏడుస్తూ వచ్చి మన సంఘం పేరేమిటి నాన్నా అని అడిగితే, మనకి పేరు లేదు తల్లీ, పేర్లు పెట్టుకోవడం మొదలయ్యాకే విడిపోవడం మొదలైంది, మనం వట్టి క్రైస్తవులం అని చెప్పాడు. అమ్మ పోయాక నాన్న నాకు అన్నం పెట్టినంత శ్రద్ధగా ఈ మాటలూ పెట్టాడు. బోర్డు మీద ఇప్పటికీ కూడిక వేళలు తప్ప ఇంకేమీ ఉండదు. ఆ బోర్డంటే నాకెంత గర్వమో.

కూడిక అయ్యాక కుర్చీలు సర్దుతూ అత్తయ్య అడిగిన సంగతి నాన్నకి చెప్పాను. గట్టిగా నిలబడ్డావు తల్లీ, చిట్టి దేవుడి చేతిలోనే ఉంది, నీళ్ళు పోయలేదని ఆయన చెయ్యి వదిలే రకం కాదు అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. తరువాత నోరు ఊరుకోక అడిగాను.

"నాన్నా, అత్తయ్య క్రైస్తవురాలేనా?"

నాన్న ఒక కుర్చీ మడత పెట్టి గోడకి ఆనించాడు. ఇంకొకటి మడత పెట్టాడు.

"చాలా మంచి మనిషి" అన్నాడు.

జూన్ 10

నేను అడిగింది మంచి మనిషేనా అని కాదు.

జూన్ 11

రెండు పూటలా పాలు పిండడానికి అత్తయ్యే సాయం. వేడినీళ్ళలో గుడ్డ ముంచి, పిండి, భుజాల దగ్గర నుంచి నిదానంగా అద్దుతుంది. నాకు అమ్మ చేతులు గుర్తులేవు కనుక పోల్చుకోవడానికేమీ లేదు.

జ్ఞానస్నానం మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తితే బావుండుననిపించింది. ఎత్తితే మళ్ళీ కాదనేదాన్ని. కాదంటూ ఉంటే కాళ్ళ కింద నేల ఉన్నట్టుంటుంది.

నేను పనిచేసే కళ్ళజోళ్ళ కొట్లో కళ్ళు పరీక్ష చేసేటప్పుడు అద్దాలు మార్చి మార్చి ఇదా, ఇదా అని అడుగుతాను. కొందరు, రెండూ ఒకేలా ఉన్నాయండీ అని చెప్పడానికి భయపడిపోతారు, పరీక్ష తప్పినట్టు. ఒకేలా కనబడితే అదీ జవాబేనండీ అని ధైర్యం చెబుతాను. ఇంకొకరికి చెప్పడం తేలిక.

జూన్ 12

రేపు పొద్దున్నే. మధ్యాహ్నం అత్తయ్య చిట్టి దగ్గర కూర్చుని నన్ను బయటి గదిలో పడుకోమంది. పడుకున్నాను. బాగా నిద్రపోయాను. లేచి వచ్చేసరికి అత్తయ్య కిటికీ దగ్గర నిలబడి ఉంది, కళ్ళు ఎర్రగా. చిట్టి దగ్గరున్న గిన్నెలో నీళ్ళున్నాయి. నేను గిన్నె చూశాను, అత్తయ్యని చూశాను. ఏమీ అడగలేదు. అడిగితే చెప్పేస్తుందని భయమేసింది.

చేసే ఉంటుంది. చేసినా నాకు తెలియనట్టే ఉంటాను. నేను ఒప్పుకోలేదు కాబట్టి నా మీద లేదు.

ఒకవేళ చేసి ఉంటే, మరీ అంత చెడ్డగా అనిపించడం లేదు. ఎందుకో తెలియదు.

జూన్ 13

లోపలికి తీసుకెళ్ళారు. ముఖం తుడిచాను.

మధ్యాహ్నం దాటింది. ఇంకా రాలేదు.

బయటికి తెచ్చారు. గుండెని కాసేపు ఆపి మళ్ళీ నడిపించారట. ఇప్పుడు కొట్టుకుంటోందట, కానీ ఊపిరి యంత్రమే ఆడిస్తోంది. రెండు రోజులు ఏమీ చెప్పలేమన్నారు.

జూన్ 14

లోపలికి తీసుకెళ్ళే ముందు ముఖం తుడవమని నర్సే చెప్పింది. నుదుటి మీద పాలు ఎండిపోయి ఉన్నాయి. గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు, దూది ఇచ్చి వెళ్ళింది. అక్కడ నేను తప్ప ఎవరూ లేరు. తుడిచాను. అంతే.

జూన్ 15

తుడవలేదు.

దూది అలాగే ఉండిపోయింది. చేత్తో నీళ్ళు తీసుకుని నుదుటి మీద పోశాను. మూడుసార్లు. మాటలు కూడా అన్నాను. నాకు తెలిసిన మాటలే, నన్ను ముంచినప్పుడు నాన్న అన్నవే. పేరుండాలి కదా. ఇరువైపులా చెరొక పేరు పట్టుకుని కూర్చున్నాం కనుక చిట్టికి ఇంకా పేరు లేదు. "చిట్టీ" అనే అన్నాను. తడి తగిలిందేమో, మొహం చిట్లించింది.

అత్తయ్య ముందు రోజే పోసి ఉంటుందని తెలిసీ ఎందుకు పోశానో అర్థం కావడం లేదు. పోసిందో లేదో నమ్మకం లేకేమో. లేదా ఎవరో పోస్తే చాలదనిపించిందేమో. అసలు పోస్తే ఏమీ కాదని కదా నేనంటున్నది.

జూన్ 17

యంత్రం తీసేశారు. తనే ఊపిరి పీలుస్తోంది. ఏడిస్తే గొంతు రాలేదు, బొంగురుగా గాలి వచ్చింది. ఆ గాలి కోసం నర్సు, నేను, మా ఆయన, ముగ్గురం చెవులు పెట్టి విన్నాం. మా ఆయన సిలువ గుర్తు వేసుకున్నాడు. వేసుకుని, ఎవరైనా చూశారా అన్నట్టు అటూ ఇటూ చూశాడు.

జూన్ 19

అత్తయ్యకి చెప్పేశాను. మీరూ పోశారని నాకు తెలుసు, నేనూ పోశాను, మీ పద్ధతిలో రెండుసార్లు పోస్తే తప్పా అని అడిగాను.

అత్తయ్య తిప్పుతున్న జపమాల ఆపి నావైపు తిరిగింది.

"నేను పోయలేదమ్మాయ్."

గిన్నె తెప్పించుకుందట. చెయ్యి నీళ్ళలో పెట్టిందట కూడా. "నువ్వు వద్దన్నావు కదా. నీ బిడ్డ. నువ్వు నిద్రలో ఉండగా దొంగతనంగా చేస్తే ఆ తరువాత నీ మొహం ఎలా చూడను? దేవుడికి చెప్పుకున్నాను, నువ్వే చూసుకో నాయనా, నా వల్ల కాలేదని."

అత్తయ్య కళ్ళు తుడుచుకుంది. ఆ తరువాత ఉన్నట్టుండి చాలా పనిమంతురాలైపోయింది. నీళ్ళు పారాయా, ఊరికే అద్దావా అని అడిగింది. పారాయి, చెవిలోకి కూడా పోయాయన్నాను. ఏ మాటలన్నావు, పిత, పుత్ర, పవిత్రాత్మ అన్నావా అంది. కాదు, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ అన్నానని చెప్పాను. అత్తయ్య పెదాలు కదుపుతూ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకుంది.

"ఒకటేలే" అంది. "అయితే అయిపోయింది. ఇక జన్మలో మళ్ళీ చెయ్యక్కర్లేదు. చెయ్యకూడదు కూడా."

జూన్ 20

మా ఆయనకీ చెప్పాను. నలిగిన వేలు చూపించమని అడిగి, కట్టు మారుస్తూ చెప్పాను. కోప్పడతాడనుకున్నాను, మెట్ల మీద అంత గొడవ చేసినందుకు. కోప్పడలేదు.

"అయితే ఇప్పుడు మన చిట్టి ఏంటి?" అని అడిగాడు. "కాథలిక్కా? మీదా?"

మాకు పేరు లేదుగా అన్నాను.

"మరి నువ్వేంటి?"

కట్టు బిగుతైందేమో అని మళ్ళీ విప్పాను.

జూన్ 25

ఇల్లు. చిట్టి ఛాతీ మీద నిలువునా గీత. స్నానం వద్దన్నారు, తడిగుడ్డతో ఒళ్ళు తుడవాలి. ఈసారి నిజంగా తుడవడమే.

జూన్ 30, ఆదివారం

హాల్లో నాన్న సాక్ష్యం చెప్పాడు. నాన్న సంఘపెద్ద అయినా సొంత విషయాలు ఎప్పుడూ చెప్పడు. ఈ రోజు చెప్పాడు. నా కూతురి మీద ఎంతో ఒత్తిడి వచ్చింది, బిడ్డ ప్రాణం మీదికి వచ్చినా సత్యం విషయంలో లొంగలేదు, దేవుడు ఆ విశ్వాసాన్ని ఘనపరిచాడు అన్నాడు. అందరూ నావైపు తిరిగారు. పూసలు ఉంచనియ్యకు అన్న అక్క నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.

రొట్టె వచ్చింది. తీసుకున్నాను. మింగుడుపడలేదు.

ఊరుకోవచ్చు. అడిగేవాళ్ళు లేరు. కానీ ఆ సాక్ష్యంలో ఒత్తిడి అంటే అత్తయ్య. తడి చెయ్యి వెనక్కి తీసుకున్న అత్తయ్య.

అందరూ వెళ్ళాక మెట్ల దగ్గర నాన్నకి చెప్పాను. అంతా చెప్పాను, అత్తయ్య పోయకపోవడం కూడా. నాన్న మెట్టు మీద కూర్చుండిపోయాడు. కింద కొట్లో టైరులోకి గాలి కొడుతున్నారు, అది ఆగాక అన్నాడు.

"అది బాప్తిస్మం కాదు తల్లీ. భయం."

"భయమే నాన్నా. కానీ మాటలు నిజంగానే అన్నాను."

"అయితే తప్పని ఒప్పుకో. అందరి ముందూ అక్కర్లేదు, నా ముందు చాలు."

"తప్పో కాదో తెలియకుండా ఎలా ఒప్పుకోను? అది బాప్తిస్మమే కాకపోతే నేను చేసింది ఏమీ లేదు కదా. ఏమీ కానిదానికి తప్పెందుకు?"

నాన్న చేత్తో మోకాలు రుద్దుకున్నాడు. చివరికి, నీ మనసు ఒక చోటికి వచ్చేదాకా బల్ల దగ్గరికి రావద్దు, రొట్టె తీసుకోవద్దు, వెనక వరసలో కూర్చో అన్నాడు. వేరేవాళ్ళయితే ఇదే చెప్పేవాణ్ణి, నీకొకటి వాళ్ళకొకటి ఎలా చెప్పను అన్నాడు. నిజమే. వేరేవాళ్ళకి చెప్పడం నేను చూశాను. అప్పుడు న్యాయంగానే ఉందనిపించింది.

జూలై 3

అత్తయ్య లెక్కలో చిట్టికి అయిపోయింది, ఇక మళ్ళీ చెయ్యకూడదు. నాన్న లెక్కలో అసలు జరగనే లేదు, పెద్దయ్యాక తనే తీసుకోవాలి. ఆ నీళ్ళు పోసిన దాన్ని నేను. నన్నడిగితే నాకు తెలియదు. పొద్దున జరిగిందనిపిస్తుంది. సాయంత్రానికి పిచ్చిపని అనిపిస్తుంది. మళ్ళీ ఆ గిన్నె ముందు నిలబెడితే ఏం చేస్తానో మాత్రం తెలుసు.

జూలై 7

వెనక వరస. రొట్టె పళ్ళెం నా ముందు వరస దాకా వచ్చి తిరిగిపోయింది. ఎవరూ ఏమీ అడగలేదు, అందరికీ తెలిసిపోయింది.

మీ వాళ్ళు అలా చేస్తే అక్కడికి వెళ్ళడం ఎందుకు, మా గుడికి వచ్చేయ్ అని మా ఆయన అన్నాడు. నువ్వు వెళ్తావా అన్నాను. నవ్వాడు. అత్తయ్య వాడి మాటలు పట్టించుకోకు అంది. అక్కడైనా నీకు సత్ప్రసాదం ఇవ్వరమ్మాయ్, నువ్వు మాలో చేరలేదుగా అంది, చాలా నొచ్చుకుంటూ.

రెండు చోట్లా ఆ రొట్టె ముక్క ఒకే దేవుడి పేరు మీద ఇస్తారు. రెండు చోట్లా నాకు లేదు. నేను నిజంగానే వట్టి క్రైస్తవురాలినయ్యాను.

జూలై 14, ఆదివారం

చిట్టిని మొదటిసారి బయటికి తీసుకెళ్ళాను. మెట్లు ఎక్కువ, సంచీ బిడ్డా నీ వల్ల కాదంటూ అత్తయ్య కూడా వచ్చింది. మా ఆయన పైకి రాలేదు, టైర్ల కొట్టతనితో మాటల్లో పడ్డాడు. అత్తయ్య చీర కొంగు తల మీదికి లాక్కుని వెనక వరసలో నా పక్కన కూర్చుంది. చిట్టి ఆవిడ ఒళ్ళో నిద్రపోతోంది.

బల్ల దగ్గర నాన్న స్తుతి చెల్లించాడు, రొట్టె విరిచాడు, పళ్ళెం పంపాడు. వరస వరసా తిరిగింది. మా ముందు వరసలో చివరి మనిషి తీసుకుని పళ్ళెం వెనక్కి పంపేశాడు. అత్తయ్య తల వంచుకుని కళ్ళు మూసుకుంది, అడగకూడనిది ఎదురుగా ఉన్నప్పుడు చూపు తిప్పుకున్నట్టు.

అందరూ తీసుకున్నాక ఆఖరున నాన్న తీసుకుంటాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే. పళ్ళెం చేతికొచ్చింది. నాన్న దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. మావైపు చూశాడు. పళ్ళెం బల్ల మీద పెట్టి, పైన తెల్లగుడ్డ కప్పేశాడు. తీసుకోలేదు.

పాట ఎత్తాల్సిన అక్క ఎత్తడం మరిచిపోయింది. నాన్న నడిచి వచ్చి వెనక వరసలో, అత్తయ్యకి అవతల పక్క ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. అత్తయ్య కొంచెం జరిగి చోటిచ్చింది. మిగతా కూడికంతా అక్కడే కూర్చున్నాడు. ఇంకో సంఘపెద్ద ముగింపు ప్రార్థన చేశాడు.

మెట్లు దిగుతూ అడిగాను. "ఎందుకు తీసుకోలేదు నాన్నా?"

తప్పు నాదంటాడేమో అనుకున్నాను. లేదా తప్పు లేదంటాడేమో అనుకున్నాను. రెండింటిలో ఏదన్నా నాకు ఒక దారి దొరికేది.

"ఆకలి లేదు తల్లీ" అన్నాడు.

గోటి మీద పట్టేంత ముక్క అది. నాన్న అత్తయ్య చేతుల్లోంచి చిట్టిని తీసుకుని, గీత నొక్కుకోకుండా భుజానికి ఆనించుకుని, ఒక్కొక్క మెట్టూ చూసుకుంటూ మాకంటే ముందు దిగాడు.